అరోరాను చదవడం ఎలా: రంగును బట్టి ఎలక్ట్రాన్ శక్తిని పట్టుకునే పద్ధతి

ధ్రువాల దగ్గరి రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగే అరోరా. “సూర్యుడి నుంచి వచ్చిన కణాలు గాలిని ఢీకొంటే అరోరా వెలుగుతుంది” అని చాలా పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ముక్క చిన్నదే కానీ, అది దాటవేసిన విషయం చాలా పెద్దది. సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ధారలో, అంటే సౌర పవనంలో, కొట్టుకొచ్చే ఎలక్ట్రాన్‌కు ఉండే శక్తి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆకాశంలో ఆకుపచ్చ తెరను వెలిగించే ఎలక్ట్రాన్‌కు కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఈ వందల, వేల రెట్ల తేడా సూర్యుడి దగ్గర వచ్చింది కాదు. భూమి అయస్కాంత క్షేత్రం లోపలికి చేరాక, మన నెత్తిమీదే కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున, ఏదో ఆ ఎలక్ట్రాన్‌ను బలంగా కిందికి తోసింది.

ఆ తోపు ఎంతటిదో తెలుసుకోవడానికి ఉపగ్రహం అక్కర్లేదు. అరోరా రంగు, కింది అంచు ఎత్తు, కదిలే తీరు చాలు. అరోరా చూడటానికి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కో నార్వేలోని ట్రోమ్సోకో వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. వెళ్ళలేనివాళ్ళకు ఇంటర్నెట్‌లో మంచి వీడియోలు దొరుకుతాయి. కాగితం, కలం, వర్గమూలం తీయగల లెక్కల యంత్రం దగ్గర పెట్టుకోండి. ఫోనులో ఉన్నది సరిపోతుంది.

అడుగు 1: శక్తిని వేగంలోకి మార్చండి

ఒక వోల్టు తేడాను దాటిన ఎలక్ట్రాన్‌కు దక్కే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. టార్చిలైటు బ్యాటరీ ఇవ్వగలిగింది ఒకటిన్నర. ఇక్కడినుంచి ఒకే సూత్రంతో పని నడుస్తుంది: శక్తి ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులో దాని వర్గమూలం తీసి 593తో గుణిస్తే, వేగం సెకనుకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది.

సౌర పవనపు ఎలక్ట్రాన్‌కు 10 వేసి చూడండి: సెకనుకు దాదాపు 1,900 కిలోమీటర్లు. పవనం మొత్తంగా వీచేది సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతోనే అయినా, అందులోని ఎలక్ట్రాన్లు తమలో తాము అంతకన్నా ఎంతో వేగంగా అటూ ఇటూ పరుగులు తీస్తుంటాయి. ఇప్పుడు 10,000 వేయండి: 59,300 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో ఐదో వంతు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇది 58,500 దగ్గర ఆగుతుంది. ఇరవై వేల ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే ఈ సూత్రాన్ని నమ్మకండి.

అడుగు 2: ఎంత వ్యవధి ఉందో చూడండి

భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 అనే చోట, సౌర పవనాన్ని కనిపెట్టుకుని ఉండే వ్యోమనౌకలున్నాయి. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరిలో అక్కడికే చేరింది. దానిలోని పాపా పరికరం సౌర పవనపు ఎలక్ట్రాన్లను, అయాన్లను కొలవడానికే ఉంది.

ఎల్1 సమాచారంలో రెండు అంకెలు చూస్తే చాలు. ఒకటి పవన వేగం. 15 లక్షలను ఆ వేగంతో భాగించండి. సెకనుకు 500 కిలోమీటర్లయితే 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. కోటు వేసుకుని ఊరి దీపాలకు దూరంగా వెళ్ళడానికి మీకున్న సమయం అది. రెండోది పవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రపు ఉత్తర-దక్షిణ భాగం, బీజెడ్. అది రుణ సంఖ్య అయి, అంటే దక్షిణానికి తిరిగి, గంటల తరబడి అలాగే ఉంటే బయలుదేరవచ్చు. దక్షిణానికి తిరిగిన క్షేత్రం ఉత్తరానికి చూసే భూమి క్షేత్రంతో తెగి కలుస్తుందని జేమ్స్ డంజీ 1961లో చెప్పాడు. తలుపు తెరుచుకునేది అప్పుడే. వేగం ఎంతున్నా బీజెడ్ ఉత్తరానికి ఉంటే నేనైతే రగ్గు కప్పుకుని పడుకుంటాను.

అలా లోపలికి చేరిన శక్తి భూమికి రాత్రి వైపున్న పొడవాటి అయస్కాంత తోకలో పోగవుతుంది. ఎలక్ట్రాన్లు కూడా అక్కడే, ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) పలక అనే పొరలో చేరి వేడెక్కుతాయి. తోక తట్టుకోలేనంతగా సాగినప్పుడు తెగి, భూమివైపు వెనక్కి కొడుతుంది. నిశ్చలంగా ఉన్న చాపం, అంటే విల్లులా వంగిన అరోరా పట్టీ, ఒక్కసారిగా ప్రకాశించి ఆకాశమంతా పాకడం దాని ఫలితమే. ఈ క్రమాన్ని 1964లో స్యున్-ఇచి అకసోఫు దశలవారీగా వర్ణించాడు.

అడుగు 3: ఎలక్ట్రాన్ మామూలుగా ఎందుకు కిందికి రాదో ముందు తెలుసుకోండి

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే మిగతాదంతా గాలిలో వేలాడుతుంది.

ఎలక్ట్రాన్ అయస్కాంత రేఖను అడ్డంగా దాటి పోలేదు. దాని చుట్టూ సుడి తిరుగుతూ రేఖ వెంబడే సాగుతుంది. అరోరా ఎత్తులో భూమి క్షేత్రం సుమారు 50,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రపు బలాన్ని కొలిచే ప్రమాణం). అక్కడ 10,000 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ తిరిగే సుడి వ్యాసార్థం మహా అయితే ఏడు మీటర్లు. సుడులు సెకనుకు 14 లక్షలు. అరోరా తెరలు వందల కిలోమీటర్ల పొడవున్నా మందం చాలా తక్కువగా ఉండగలగడానికి ఈ చిన్న సుడులే వీలు కల్పిస్తున్నాయి.

చిక్కు కిందికి వచ్చేకొద్దీ మొదలవుతుంది. క్షేత్రం బలపడేకొద్దీ ఎలక్ట్రాన్ ముందుకు సాగే వేగం తగ్గి, ఆ శక్తంతా సుడి తిరగడానికే ఖర్చవుతుంది. ఒక చోట ముందుకు సాగే వేగం సున్నా అవుతుంది. ఎలక్ట్రాన్ వెనక్కి మళ్ళి పైకి పోతుంది. రేఖకు దాదాపు సమాంతరంగా బయలుదేరినవి మాత్రమే వాతావరణం దాకా రాగలవు. ఎంత సమాంతరంగా ఉండాలో లెక్క వేద్దాం. ప్లాస్మా పలకలో క్షేత్రం 50 నానోటెస్లాలనుకుంటే, కింద ఉన్న 50,000లో అది వెయ్యో వంతు. వెయ్యో వంతుకు వర్గమూలం 0.032. ఆ సైన్ విలువకు కోణం 1.8 డిగ్రీలు. అన్ని దిక్కులకూ సమంగా తిరిగే ఎలక్ట్రాన్లలో ఈ సన్నని శంకువులో పడేవి, భూమివైపు వస్తున్న ప్రతి రెండు వేలలో ఒక్కటి.

అంత కొద్దిపాటి ధారతో ప్రకాశవంతమైన తెర వెలగదు. వెలుగుతోందంటే మధ్యదారిలో ఇంకేదో జరుగుతోంది.

అడుగు 4: తోసింది ఏదో గుర్తుపట్టండి

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1896లోనే అరోరాకు మూలం ఎలక్ట్రాన్ల వంటి కణాలని ఊహించాడు. శూన్యపు గాజుపెట్టెలో అయస్కాంతపు గోళాన్ని పెట్టి, దాని ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలను పుట్టించి చూపించాడు. అవి నేరుగా సూర్యుడి నుంచే దూసుకొస్తాయన్న అతని అభిప్రాయం నిలవలేదు. అయస్కాంత రేఖల వెంబడి విద్యుత్ ప్రవాహాలు దిగివస్తాయన్నది మాత్రం అతను పోయిన అర్ధశతాబ్దానికి ఉపగ్రహాల కొలతల్లో నిజమని తేలింది.

కొలత చెప్పిన మొదటి సంగతి 1958లో కెనడాలోని ఫోర్ట్ చర్చిల్ నుంచి వచ్చింది. కార్ల్ మెక్‌ఇల్వైన్ పంపిన రాకెట్ వెలుగుతున్న అరోరాలోకే దూరింది. అక్కడి ఎలక్ట్రాన్లు పదివేల ఎలక్ట్రాన్ వోల్టుల లోపు, దాదాపు ఒకే శక్తితో ఉన్నాయి. వేడివల్ల వేగం పొందిన గుంపులో శక్తులు ఎక్కువ తక్కువలుగా పరుచుకుని ఉంటాయి. అన్నిటికీ ఒకే శక్తి ఉందంటే అన్నీ ఒకే వోల్టేజిని దాటి వచ్చాయన్నమాట. ఇదే మొదటి విధానం. భూమి అయస్కాంత క్షేత్రపు పరిధికి, అంటే మాగ్నెటోస్ఫియర్‌కు, పైకి పోయే విద్యుత్ ప్రవాహం కావాలి. ఎలక్ట్రాన్లది రుణావేశం కాబట్టి, అంటే కిందికి వచ్చే ఎలక్ట్రాన్లు కావాలి. కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో అవి సరిపడా ఉండవు. అడుగు 3లోని శంకువు అడ్డుపడుతుంది. అందుకని అక్కడ రేఖ వెంబడి కొన్ని వేల వోల్టుల తేడా ఏర్పడి, శంకువును వెడల్పు చేసి, ఎలక్ట్రాన్లను లాక్కొస్తుంది. 1996లో నాసా పంపిన ఫాస్ట్ ఉపగ్రహం ఇలాంటి చోట్ల గుండా ఎగురుతూ వివరంగా కొలిచింది. తూర్పు పడమరలుగా సాగిన, కింది అంచు గీత గీసినట్టుండే నిశ్చలమైన చాపం కనిపిస్తే మొదట ఈ విధానాన్నే అనుమానించండి.

రెండో విధానం ఆల్వెన్ తరంగాలది. బట్టలారేసే తాడును ఒక చివర జాడిస్తే వంపు రెండో చివరకు పరుగెత్తినట్టు, తోకలో కుదుపు వచ్చినప్పుడు అయస్కాంత రేఖల మీదుగా అల భూమివైపు ప్రయాణిస్తుంది. హన్నెస్ ఆల్వెన్ 1942లో ఊహించిన ఈ తరంగాలకు కొన్ని పరిస్థితుల్లో రేఖ వెంబడి చిన్న విద్యుత్ క్షేత్రం తోడవుతుంది. అల వేగానికి దగ్గరి వేగంతో అదే దిశలో పోతున్న ఎలక్ట్రాన్‌ను ఆ క్షేత్రం వదలకుండా ముందుకు నెడుతుంది. మిగతా వాటికి ఒక క్షణం ముందుకు, మరుక్షణం వెనక్కి తోపు తగిలి లెక్క సరిపోతుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 20 మీటర్ల పొడవైన ప్లాస్మా గొట్టంలో ఇదే పరిస్థితిని సృష్టించి, కొద్దిపాటి ఎలక్ట్రాన్లు ఇలా వేగం పుంజుకోవడాన్ని నేరుగా కొలిచిన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఇక్కడ శక్తులు ఒకే విలువ దగ్గర ఉండవు, తక్కువ నుంచి ఎక్కువ దాకా పరుచుకుంటాయి. అందువల్ల ఎలక్ట్రాన్లు రకరకాల ఎత్తుల్లో ఆగుతాయి. ఆకాశంలో అది నిలువునా పొడవైన కిరణాలుగా, చకచకా కదిలే సన్నని మడతలుగా కనిపిస్తుంది.

మూడోదానిలో ముందుకు తోయడం ఉండదు, దారి మళ్ళించడమే. కోరస్ అనే రేడియో తరంగాలు భూమధ్యరేఖ పైన సుడి తిరుగుతున్న ఎలక్ట్రాన్ల కోణాన్ని కాస్త మార్చి, శంకువులోకి పడేస్తాయి. తరంగం వచ్చిపోతుంటే వెలుగూ వచ్చిపోతుంది. అర్ధరాత్రి దాటాక, ఆట ముగిసిందని అందరూ హోటలుకు మళ్ళే వేళ, మసక మచ్చలు కొన్ని సెకన్ల లయలో వెలిగి ఆరుతుంటాయి. జపాన్ వారి అరాసె ఉపగ్రహం ఈ తరంగాన్నీ, శంకువులో పడుతున్న ఎలక్ట్రాన్లనూ ఒకేసారి కొలిచి సంబంధాన్ని నిర్ధారించిన సంగతి 2018లో ప్రచురితమైంది. ఆ ఎలక్ట్రాన్ల శక్తి పదివేల ఎలక్ట్రాన్ వోల్టులు, ఆపైన. చూడటానికి పేలవంగా ఉండే ఈ మచ్చలే చాపాల కన్నా లోతుకు దిగుతాయి. నా మట్టుకు అరోరాలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేవి ఇవే.

అడుగు 5: కింది అంచు ఎత్తు నుంచి శక్తిని చెప్పండి

శక్తి ఎక్కువైన ఎలక్ట్రాన్ ఎక్కువ లోతుకు దిగుతుంది. సుమారు లెక్కలివి:

కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టులు: 200 కి.మీ., ఆపైన
1,000: 150 కి.మీ. దరిదాపు
10,000: 105 కి.మీ. దరిదాపు
1,00,000: 80 కి.మీ.
10,00,000: 60 కి.మీ.

శక్తిని వెయ్యి రెట్లు పెంచినా ఎత్తు 90 కిలోమీటర్లే తగ్గింది. కిందికి వచ్చేకొద్దీ గాలి అంత వేగంగా చిక్కబడుతుంది మరి.

ఎత్తును ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు. 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిత్రుడికి ఫోను చేసి, ఇద్దరూ ఒకే క్షణాన ఒకే మడతను నక్షత్రాలతో సహా ఫోటో తీయండి. మీ నడినెత్తిన ఉన్న కింది అంచు మిత్రుడి ఫోటోలో నడినెత్తి నుంచి 27 డిగ్రీలు పక్కకు జరిగి కనిపిస్తే ఎత్తు 100 కిలోమీటర్లు: 50ని 27 డిగ్రీల టాంజెంటుతో భాగిస్తే వచ్చేది అదే. నార్వేలో కార్ల్ స్టోర్మర్ 1910 నుంచి ఇదే పద్ధతిలో, టెలిఫోనుతో కలిపిన కెమెరాలతో, వేలాది ఎత్తులు కొలిచాడు.

అడుగు 6: ఒక ఎలక్ట్రాన్ ఎన్నిటిని విడగొడుతుందో లెక్కించండి

గాలిలో ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి, దారిలో అయ్యే ఇతర ఖర్చులతో కలిపి, సగటున 35 ఎలక్ట్రాన్ వోల్టులు పోతాయి. 10,000ను 35తో భాగించండి: దాదాపు 285 జతలు, ఒక్కో జతలో ఊడిన ఎలక్ట్రాన్, దాన్ని పోగొట్టుకున్న అయాను. ఊడిపడిన ఎలక్ట్రాన్లకు కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అవీ తమ వంతుగా ఢీకొంటాయి. మనం చూసే వెలుగులో ఎక్కువ పాలు ఈ రెండో తరానిది. అంతరిక్షం నుంచి దిగివచ్చినది మొదటి దెబ్బ కొట్టి, మిగతా పనిని గాలిలోంచి పుట్టిన ఎలక్ట్రాన్లకు వదిలేస్తుంది.

అడుగు 7: రంగును చదవండి

అరోరా వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే ఆకుపచ్చ గీతను స్వీడన్‌కు చెందిన ఆంగ్‌స్ట్రోమ్ 1860లలోనే కొలిచినా అది ఏ మూలకానిదో దశాబ్దాల పాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1925లో టొరంటోలో మెక్‌లెన్నన్, ష్రమ్ ప్రయోగశాలలో దాన్ని పుట్టించి ఆక్సిజన్ పరమాణువుదని తేల్చారు. జాప్యానికి కారణం ఉంది. మామూలు గీతలు కోటో వంతు సెకనులో వెలువడతాయి. ఆకుపచ్చకు 0.7 సెకన్లు కావాలి, ఎరుపుకు 110 సెకన్లు. ఈ లోగా మరో అణువు తగిలితే శక్తి వెలుగుగా మారకుండానే పోతుంది. భూమ్మీది పాత్రల్లో అంతసేపు తాకిడి లేకుండా ఉంచడం కష్టం.

ఇప్పుడు చిన్న లెక్క. 1,240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. ఆకుపచ్చ 557.7 నానోమీటర్లు: 2.22. ఎరుపు 630: 1.97. కలిపితే 4.19. ఆక్సిజన్ పరమాణువు ఎక్కే పై శక్తి మెట్టు సరిగ్గా ఆ ఎత్తులో ఉంది. అంటే ఆకుపచ్చ వెలువరించిన ప్రతి పరమాణువూ ఎరుపు మెట్టు మీదికి దిగుతుంది, ఎరుపును కూడా వెలువరించడానికి సిద్ధంగా ఉంటుంది. అయినా 110 కిలోమీటర్ల ఎత్తులో ఎరుపు కనిపించదు. ఆ మెట్టు మీద సగటున 110 సెకన్లు నిలవాలి, అక్కడ తాకిడులు సెకనుకు వందల్లో. దాదాపు 200 కిలోమీటర్లు దాటాక గానీ పరమాణువుకు ఆ వ్యవధి దొరకదు. అందుకే ఎరుపు ఎప్పుడూ పైన, ఆకుపచ్చ దాని కింద. సుమారు 95 కిలోమీటర్ల కిందికి పోతే ఆకుపచ్చకూ అదే గతి.

మైదానంలో పనికొచ్చే పరీక్ష దీనినుంచే పుడుతుంది. ఎర్రగా కనిపించేదల్లా ఒకటి కాదు. తెర పైభాగాన మెల్లగా పరుచుకుని, కదలిక లేకుండా మసకగా ఉంటే అది ఆక్సిజన్ ఎరుపు, శక్తి వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల లోపు. నిమిషంన్నరకు పైగా ఆగి వెలిగేది నాట్యం చేయలేదు. తెర అడుగున గులాబీ రంగు పరుగులు తీస్తుంటే అది నత్రజని అణువుది. తాకిన వెంటనే వెలిగిపోతుంది కాబట్టి ఎలక్ట్రాన్ల కదలికను ఆలస్యం లేకుండా చూపిస్తుంది. దాని వెనుక పదివేల ఎలక్ట్రాన్ వోల్టులు, ఇంకా పైన ఉన్నాయని రాసుకోండి. నీలం కూడా నత్రజనిదే, అయానుగా మారిన అణువు 427.8 నానోమీటర్ల దగ్గర ఇచ్చేది. ఈ నీలం ఎంత ప్రకాశిస్తే మొత్తం అంత శక్తి దిగుతున్నట్టు. నీలంతో పోలిస్తే ఎరుపు ఎంత తక్కువైతే సగటు ఎలక్ట్రాన్ అంత బలమైనది. పరిశోధకులు ఫిల్టర్లు పెట్టి కొలిచేది ఈ నిష్పత్తినే.

ఫోను ఫోటోలతో జాగ్రత్త. పది సెకన్లు తెరిచి ఉంచిన కెమెరా రంగును దండిగా పోగుచేస్తుంది గానీ, గులాబీ అంచు కదలికను పూర్తిగా చెరిపేస్తుంది. పరీక్ష చేయాలంటే ఒకటి రెండు సెకన్లకు దించండి, లేదా వీడియో తీయండి.

అడుగు 8: దూరం నుంచి చూస్తే ఏం మిగులుతుందో లెక్క వేయండి

2024 మే 10న భారీ అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు టెక్సస్, ఫ్లోరిడాల్లో కూడా ఆకాశం రంగెక్కింది. మన దేశంలో లద్దాఖ్‌లోని హన్లే నుంచి ఉత్తర దిక్కున ఎర్రని వెలుగు నమోదైంది. ఆకుపచ్చ ఏమైంది?

ఎత్తును 12,742తో గుణించి వర్గమూలం తీయండి. భూమి వంపు మీదుగా ఆ ఎత్తు ఎంత దూరం కనిపిస్తుందో వస్తుంది. 110 కిలోమీటర్లకు 1,180 కిలోమీటర్లు. 300 కిలోమీటర్లకు 1,950. ఉత్తరాన అంత దూరంలో ఉన్న తెర అడుగుభాగం హన్లే దిగంతం కిందికి పోతుంది, పైభాగం మిగులుతుంది. అక్కడ కనిపించినదాన్ని స్థిరమైన ఎర్ర చాపంగా కూడా వర్ణించారు. అలాంటి చాపంలో ఎలక్ట్రాన్లు పైనుంచి దూసుకురావు. భూమిని చుట్టిన వలయ ప్రవాహం నుంచి వేడి రేఖల వెంట దిగి, అయనావరణంలో, అంటే విడివడిన ఎలక్ట్రాన్లుండే పై గాలి పొరలో, అప్పటికే ఉన్న ఎలక్ట్రాన్లను మరిగిస్తుంది. వాటిలో 1.97 ఎలక్ట్రాన్ వోల్టులు అందుకోగలిగినవి ఎరుపును మాత్రమే వెలిగిస్తాయి, ఆకుపచ్చకు కావలసిన 4.19 వాటికి అందదు.

హైదరాబాదు హన్లేకు మరో 15 డిగ్రీలు దక్షిణాన ఉంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున, అంటే దాదాపు 1,700 కిలోమీటర్లు. ఆ రాత్రి మేడెక్కి చూసినవాళ్ళకు ఏమీ కనిపించకపోవడానికి మేఘాలను నిందించనక్కర్లేదు.

అడుగు 9: ఎలక్ట్రాన్లు తిరిగి పోయే చోటును వెతకండి

కిందికి వచ్చిన ఎలక్ట్రాన్లు అక్కడే పేరుకుపోతే ప్రవాహం వెంటనే ఆగిపోతుంది. అవి 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులోని వాహక పొరలో కలుస్తాయి. ప్రవాహం ఆ పొరలో పక్కకు సాగి, ఇంకోచోట ఎలక్ట్రాన్లు పైకి లేవడంతో వలయం పూర్తవుతుంది. పైకి పోయే ఎలక్ట్రాన్లు వెలుగునివ్వవు. మసకగా పరుచుకున్న అరోరా మధ్య అంచులు తేలిన నల్లని చీలికలు, సన్నని నల్ల చాపాలు మెల్లగా జరుగుతూ కనిపిస్తే మేఘమని వదిలేయకండి. వాటి వెనుక నక్షత్రాలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తుంటే అది నల్ల అరోరా. కొన్నిటి పైన ఉపగ్రహాలు కొలిచినప్పుడు ఎలక్ట్రాన్లు అంతరిక్షంలోకి వేగంగా వెళ్ళిపోతూ కనిపించాయి.